చీమ పళ్ళెంలో జుకినీ

మేడమెట్ల కింది వంటగది నుంచి,
సోమవారం

అక్కకి,

నీ కూతురి పెళ్ళిలో మూడొందల మంది చూస్తుండగా నా చేతిలోంచి గరిట లాక్కుని "నువ్వెళ్ళి కుర్చీలు వెయ్యరా" అన్నావు. నేను మర్చిపోలేదు. ఏడేళ్ళుగా నీకు ఉత్తరం రాయలేదంటే అదే కారణం. నువ్వు ఫోను చేస్తే ఎత్తలేదంటే అదే కారణం. మా ఆవిడ బతికున్నప్పుడు నాకు చెవి సరిగా వినపడదని నీతో చెప్పి సర్దేది. నా చెవి శుభ్రంగా ఉంది.

ఇప్పుడు కూడా ఫోను చెయ్యను. చేస్తే నువ్వు నవ్వుతావు, నాకు వినపడుతుంది. కాగితం మీద నవ్వినా నాకు వినపడదు. నా అక్షరాలు వంకరగా ఉంటాయి. తాపీ పట్టిన చెయ్యి, కలం పట్టింది తక్కువ. ఓపిక చేసుకుని చదువుకో.

నా కూతురు పెద్ద నర్సు కావడానికి వేరే ఊరి ఆస్పత్రిలో ఆరు నెలల శిక్షణకి వెళ్ళింది. అల్లుడు లారీ మీద తిరుగుతాడు, ఆదివారం వస్తే వచ్చినట్టు. పిల్లని నా దగ్గర వదిలారు. ఆరేళ్ళది. వాళ్ళమ్మ దాన్ని చీమ అని పిలుస్తుంది. పేరుకే చీమ, చీమ తిన్నంత కూడా తినదు. తెల్లగా ఉన్నవే తింటుంది. అన్నం, పాలు, రొట్టె, తొక్క తీసిన బంగాళదుంప. పళ్ళెంలో ఒక్క ఆకుపచ్చ చుక్క కనపడితే పురుగుని చూసినట్టు చూస్తుంది.

మొదటి వారం నా పద్ధతిలో పెట్టాను. కూర తినేదాకా లేవడానికి లేదు అన్నాను. మధ్యాహ్నం కూర్చుంది, దీపాలు పెట్టేవేళ దాకా కూర్చుంది. ఏడవలేదు, అడగలేదు, ముట్టుకోలేదు. చివరికి లేచింది నేను. ఇంత మొండితనం ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలీదు.

బళ్ళో డాక్టరమ్మ బరువు చూసి కూరగాయలు పడాలంది. కూతురు ఫోనులో "నాన్నా, అది తినకపోతే నిజం చెప్పు, నేను మానేసి వచ్చేస్తాను" అంది. తింటోంది అన్నాను. అది అబద్ధం. నా వల్ల దాని ఉద్యోగం చెడితే నేను దానికి ఏ మొహం చూపించాలి?

ఇంటి వెనక మూడు జుకినీ మొక్కలున్నాయి. పై వాటాలో టైలరు గింజలిచ్చాడు. కీర దోసలా పొడుగ్గా, పైన ఆకుపచ్చగా ఉండే సీమ కాయ. పొద్దున వేలంత ఉన్న కాయ మర్నాటికి మోచెయ్యంత అవుతోంది. లోపల తెల్లగానే ఉంటుంది కాబట్టి ఇది పనికొస్తుందేమో అని నా ఆలోచన. నువ్వు పిల్లల హాస్టల్లో ఇరవయ్యేళ్ళుగా వండుతున్నావు. పిల్లలు తినేలా దీన్ని ఎలా చెయ్యాలో రాయి.

నిన్ను క్షమించానని అనుకోకు. వంట చెప్పు చాలు.

తమ్ముడు


హాస్టల్, బియ్యం బస్తాల గది నుంచి,
శుక్రవారం

ఒరేయ్ తమ్ముడూ,

నవ్వాను. నీకు వినపడకపోయినా చెప్తున్నాను, బాగా నవ్వాను. తర్వాత కొంచెం ఏడ్చాను కూడా, అది నీకు అనవసరం.

గరిట సంగతి నాకూ గుర్తుంది. నువ్వు కూరలో రెండుసార్లు ఉప్పు వేశావు. మూడోసారి గుప్పిట్లోకి తీసుకున్నావు. మూడొందల మంది నాలికలా, నీ ఒక్కడి పరువా అంటే నాలికలే ముఖ్యం అనుకున్నాను. మళ్ళీ అలాంటి పెళ్ళి జరిగినా లాక్కుంటాను. పద, వంటలోకి వద్దాం.

జుకినీకి సొంత రుచి అంటూ పెద్దగా లేదు. దేనితో కలిపితే దాని మాట వింటుంది. దాని దుర్గుణమల్లా నీళ్ళు. లేత కాయ కొయ్యి, నీ మోచెయ్యంత కాయలు టైలరుకి ఇచ్చెయ్. తొక్క పూర్తిగా తియ్యి. మధ్యలో మెత్తటి గింజల భాగం చెంచాతో గీకి పారెయ్యి. మిగతాది సన్నగా తురిమి, ఉప్పు చల్లి, నువ్వు టీ తాగొచ్చేంత సేపు పక్కన పెట్టు. పలచటి గుడ్డలో మూటకట్టి పిండు. ఇక నీళ్ళు లేవు అనుకున్నాక ఇంకోసారి పిండు. ఆ తురుములో గుడ్డు, గోధుమపిండి, కాస్త చీజ్ కలిపి పెనం మీద సన్నసెగన బిళ్ళలు వెయ్యి. ఒక్కోటి దాని అరచేతికంటే చిన్నగా ఉండాలి. పెద్దది చూస్తే పిల్లలకి పనిలా కనపడుతుంది, చిన్నది ఆటలా కనపడుతుంది.

అది రుచి మరిగాక ఆమ్లెట్లో కలుపు. ఉడికించి మెత్తగా రుబ్బి బంగాళదుంప ముద్దలో కలుపు. పాల సూపులో కలుపు. చివరికి కేకు. కోకో పొడి వేసిన కేకులో తురుము మరీ గట్టిగా పిండకు, ఆ తడే కేకుని మెత్తగా ఉంచుతుంది. నల్లటి కేకు తింటుందా అంటావేమో. తీపి దగ్గర రంగు పట్టింపు ఏ పిల్లకీ ఉండదు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. తినేదాకా చెప్పకు. తిన్నాకా చెప్పకు. గెలిచి నోరు మూసుకోవడం నీకు పుట్టుకతో రాలేదు. ఈసారైనా నేర్చుకో.

మొండితనం ఎవరి నుంచి వచ్చిందో నీకు తెలీదా? అద్దం ఉందా ఇంట్లో?

మీ అక్క


వెనక వాకిలి అరుగు మీద నుంచి,
ఆదివారం

అక్కకి,

తింది! నెల రోజులు ఆగి, తిండి నిలిచిందని తేలాకే రాస్తున్నాను.

పిండి కలపడం నాకు నేర్పుతావా? నీళ్ళెక్కువైన సిమెంటు గోడకి నిలవదు, ఇదీ అంతే. మొదటి వాయి మాడింది, అది నేను తిన్నాను. రెండో వాయి విరిగింది, అది టైలరు తిన్నాడు. మూడో వాయి గుండ్రంగా, బంగారంలా వచ్చింది. పళ్ళెంలో నాలుగు పెట్టాను. వంగి వాసన చూసింది. అంచు కొరికింది. నేను అటు తిరిగి గిన్నెలు తోముతున్నట్టు నిలబడ్డాను. వెనక నుంచి "తాతా, ఇంకోటి" అని వినపడింది. నా చెవి బాగుందని చెప్పాను కదా.

"ఏం వేసి చేశావు తాతా?" అంది. "పిండి, గుడ్డు, చీజ్" అన్నాను. అవన్నీ ఉన్నాయి కదా. ఉన్నదాంట్లో ఒకటి చెప్పలేదు, అంతే.

అదీ నా వృత్తే అక్కా. లోపల ఇటుక ఎంత వంకరగా ఉన్నా పైపూత నున్నగా ఉంటే, ఇల్లు కొనేవాడు గోడ నిమిరి మురిసిపోతాడు. నలభై ఏళ్ళు అలా ఎన్ని గోడలు దాచానో.

నెల రోజులుగా ఆమ్లెట్, సూపు, బంగాళదుంప ముద్ద, అన్నీ అయ్యాయి. అన్నీ తింటోంది. బుగ్గలు వచ్చాయి. బళ్ళో డాక్టరమ్మ "ఏం పెడుతున్నారు?" అని నన్నే అడిగింది. కూతురు ఫోనులో ఏడ్చింది, సంతోషంతో. ముందు చెప్పిన అబద్ధం ఇప్పుడు నిజమైపోయింది, ఇక దాని లెక్క తీరిపోయింది అనుకున్నాను.

ఇంకో సంగతి. ఇది రోజూ బళ్ళోకి వెళ్ళేముందు నా చొక్కా పట్టుకుని "ఇవాళ ఏం చేస్తావు తాతా?" అని అడుగుతోంది. ముందు నా వైపు చూసేదే కాదు. వచ్చే వారం బళ్ళో ఇంటివంటల రోజట. ప్రతి పిల్లా ఇంట్లో చేసింది ఒకటి తేవాలి. చీమ కేకు కావాలంది. "మా తాత చేశాడని చెప్తా" అంది. నన్ను కూడా రమ్మంది. కొత్త చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను.

తమ్ముడు


మెట్ల కింది గది నుంచి,
బుధవారం

అక్కకి,

ఇంకేమైనా వంటలుంటే రాయి. ఇంకా బాగా దాచడానికి వీలుగా ఉండేవి కావాలి. చీమ తినడం మానేసింది. పిల్లల బుద్ధి అంతే, కారణం ఉండదు. ఇక్కడ అందరం బాగున్నాం.

తమ్ముడు


హాస్టల్ నుంచి,
శనివారం

తమ్ముడూ,

గొప్ప చెప్పుకునేటప్పుడు కాగితం అటూ ఇటూ నింపుతావు. తప్పు చేసినప్పుడు నీకు సిరా అయిపోతుంది. చిన్నప్పుడు కుండ పగలగొట్టినప్పుడు కూడా "ఇక్కడ అందరం బాగున్నాం" అన్నట్టే నిలబడ్డావు.

అంత ఇష్టంగా తినే పిల్ల కారణం లేకుండా మానదు. వంట రాయను. బళ్ళో ఏం జరిగింది?

మీ అక్క


మెట్ల కింది గది నుంచి,
సోమవారం

అక్కకి,

రాస్తున్నాను. చదివాక తిట్టు, చదివేటప్పుడు మాత్రం తిట్టకు.

కేకు బాగా వచ్చింది. చీమ డబ్బా తనే మోస్తానని పట్టుపట్టి, రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని నడిచింది. తరగతి గదిలో చిన్న బల్లలన్నీ కలిపి తెల్లగుడ్డ పరిచారు. దాని డబ్బా మూత తియ్యగానే పిల్లలు మూగారు. ఇది అందరికీ తనే ముక్కలు పంచింది. ఒక్కొక్కళ్ళకీ "మా తాత చేశాడు, మా తాత చేశాడు" అని చెప్పింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా జన్మలో కట్టిన ఏ గోడ దగ్గరా అంత గర్వంగా నిలబడలేదు.

అక్కడ ఒకావిడ ఉంది, ఎవరో పిల్లాడి నానమ్మ. ఉడికించిన కూరముక్కలు తెచ్చింది, ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ టీచరుతో నాకు వినపడేలాగే అంది, "మగవాళ్ళ చేతికి పిల్లల్ని వదిలితే ఇంతేనండీ. తీపి పెట్టి పెంచేస్తారు. ఒక్క కూరముక్క తినిపించమనండి చూద్దాం."

నువ్వు రాసిన మాట నాకు గుర్తొచ్చింది. నిజంగానే గుర్తొచ్చింది అక్కా. గుర్తొచ్చాకే అన్నాను.

"అమ్మా, ఆ కేకులో సగం జుకినీ ఉంది. నా మనవరాలు నెల రోజులుగా పూటపూటా జుకినీయే తింటోంది. దానికే తెలీదు" అన్నాను. గది అంతా వినపడేలా అన్నాను.

ముందు పెద్దవాళ్ళు నవ్వారు. ఆవిడ మొహం మాడింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తర్వాత ఒక పిల్లాడు నోట్లోది చేతిలోకి ఊసేశాడు. ఇంకొకడు "ఛీ, కూర కేకు" అన్నాడు. ఒక పిల్ల చీమని చూసి "నువ్వు మాకు అబద్ధం చెప్పి పెట్టావు" అంది.

చీమ చేతిలో ఇంకా పంచాల్సిన ముక్క ఉంది. నా వైపు చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. తప్పిపోయిన పిల్ల బజార్లో ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూసింది. ముక్క డబ్బాలో పెట్టి, మూత పెట్టి, చెయ్యి గౌనుకి తుడుచుకుంది.

దారంతా నా చెయ్యి పట్టుకోలేదు. ఇంటికొచ్చాక "తాతా, ఇంకా వేటిలో దాచావు?" అంది.

"బిళ్ళల్లో" అన్నాను.

"ఇంకా?"

"ఆమ్లెట్లో. సూపులో. బంగాళదుంపలో."

"పాలల్లో?"

"పాలల్లో లేదు."

"నిజంగా?"

"నిజంగా లేదే తల్లీ."

నమ్మలేదు. పాలు ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి తనే తొక్క తీసుకోగలిగినవి తప్ప తినడం లేదు. అరటిపండు. కమలాపండు. ఉడికించిన గుడ్డు, అదీ పెంకుతో ఇస్తేనే. గుడ్డు కూడా రెండు చెక్కలు చేసి పచ్చసొన విరిచి లోపల చూసుకుని తింటోంది. అన్నం కూడా వేలితో కెలికి వదిలేస్తోంది. రొట్టె వెలుతురుకి ఎత్తి చూస్తుంది. పెద్దవాళ్ళు మందు సీసా చూసినట్టు చూస్తుంది. నేను పక్కన కూర్చుని అది చూడాలి.

మళ్ళీ బుగ్గలు పోయాయి. కూతురికి తింటోందనే చెప్తున్నాను. ఇక ఆ మాట ఎన్నాళ్ళు నిలుస్తుంది? నెలాఖరున రెండు రోజుల సెలవు మీద వస్తోంది. పిల్లని చూసిందంటే మళ్ళీ శిక్షణకి వెళ్ళదు, దాన్ని నాకు తెలుసు.

మొన్న ఉత్తరంలో ఇంకా బాగా దాచే వంటలు అడిగాను. ఆ ముక్క కొట్టేసినట్టు అనుకో. సిగ్గుగా ఉంది.

తమ్ముడు


హాస్టల్ వెనక, అంట్లు తోమే చోటు నుంచి,
గురువారం

తమ్ముడూ,

తిట్టాను. ఇక్కడ గిన్నెలు తోమే అమ్మాయి ఎవర్నండీ అని అడిగేంత తిట్టాను. అయిపోయింది.

ఇప్పుడు నా వంతు. దాచమని చెప్పింది నేను. రెండొందల మంది పిల్లలకి తినిపించే కిటుకు అది. ఇక్కడ నేను వంటావిణ్ణి. ఎవరు ఎంత తిన్నారో నాకు తెలీదు, ఖాళీ అయిన గుండిగ చూసి వెళ్ళి పడుకుంటాను. ఏ పిల్లా నా కొంగు పట్టుకుని ఇవాళ ఏం చేస్తావని అడగదు. నువ్వు తాతవి. హాస్టల్ కిటుకు ఇంట్లో వాడమని రాసేటప్పుడు నాకు ఆ తేడా తట్టలేదు. నీ నోటి దురద నీ తప్పు. ఆ పనికి నిన్ను పురమాయించడం నా తప్పు. నాది చిన్నదని నువ్వు అనకు, అనవని తెలుసు.

ఇక వంటలు లేవు. నేను చెప్పినట్టు చెయ్యి.

ముందు దాని ఎదురుగా కూర్చో. నిలబడి చెప్పకు, నువ్వు నిలబడితే గోడలా ఉంటావు. "తిండి విషయంలో నీకు ఇంకెప్పుడూ అబద్ధం చెప్పను" అని చెప్పు. అది నవ్వకపోయినా, నమ్మకపోయినా చెప్పు.

తర్వాత వంటగది దానికి అప్పజెప్పు. పీట వేసి గట్టు దగ్గర నిలబెట్టు. కాయ అదే కొయ్యాలి, తొక్క అదే తియ్యాలి, మొద్దుకత్తి ఇవ్వు. తినమని అడగకు. వాసన చూస్తే చూడనీ, పారేస్తే పారెయ్యనీ.

అప్పటికీ నీ చేతిది తినకపోతే ఇంకొకటుంది. నువ్వు గుమ్మడికాయ తినవు. డెబ్భై ఏళ్ళొచ్చినా ముక్క తగిలితే చాలు పళ్ళెం అవతలికి నెట్టేస్తావు. ఈ సంగతి చీమకి తెలుసా? దాన్ని కూర్చోబెట్టి సాయంత్రం దాకా కాపలా కాసినప్పుడు చెప్పావా? ఇప్పుడు చెప్పు. చెప్పి, "నువ్వు నాకు తెలీకుండా పెట్టు చూద్దాం" అను. మోసం చేసే వంతు దానికివ్వు.

ఒక్కటే షరతు. తెలిస్తే తెలిసిందని చెప్పు. నటించకు. నిజంగా తెలియకపోతేనే తెలీలేదని చెప్పు. ఇందులో కూడా అబద్ధం వచ్చిందంటే ఇక దానికి మనం ఇవ్వడానికి ఏమీ ఉండదు.

మీ అక్క


వంటగది గట్టు దగ్గర నుంచి,
మంగళవారం

అక్కకి,

నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను, ఒక్కటి తప్ప.

నేల మీద కూర్చుని చెప్పాను. మోకాళ్ళు నొప్పి పుట్టాయి. "తిండి విషయంలో నీకు ఇంకెప్పుడూ అబద్ధం చెప్పను" అన్నాను. అది కమలాపండు తొనల మీది పీచు తీసుకుంటూ, "ఆ రోజు అందరి ముందు ఎందుకు చెప్పావు?" అంది.

"గొప్ప కోసం" అన్నాను.

"నా గొప్పా, నీ గొప్పా?"

"నాదే."

తల ఊపింది. 

మర్నాటి నుంచి వంటగది దానిదయింది. పీటెక్కి జుకినీ తొక్క తీసింది, ఒక చోట మందంగా, ఒక చోట అసలు తియ్యకుండా. నేను అలా పూత వేసుంటే మా మేస్త్రీ కొట్టేవాడు. కింద పడ్డ తొక్కలు ఏరి బుట్టలో వేశాను. ముక్క నాలికకి తాకించి "నీళ్ళలా ఉంది" అంది. "నచ్చలేదా?" అన్నాను. "నచ్చలేదు." "సరే." సరే అనడం ఇంత కష్టమని నాకు తెలీదు. వారమంతా కోసింది, తురిమింది, పిండింది. మూట పిండుతుంటే నీళ్ళు కారడం దానికి ఇష్టం. వండింది మాత్రం నేనూ టైలరూ తిన్నాం. అది అరటిపండే తింది.

అప్పుడు గుమ్మడికాయ సంగతి చెప్పాను. చేతిలో పని ఆపి చూసింది.

"నువ్వా? తినవా?"

"తినను."

"ఎందుకు?"

"ఏమో. నోట్లో జారుతుంది. తియ్యగా ఉండీ తీపి కాదు."

"మరి నిన్ను సాయంత్రం దాకా ఎవరైనా కూర్చోబెట్టారా?"

ఆ ప్రశ్నకి నీ దగ్గర జవాబుంటే రాయి. 

నువ్వు నాకు తెలీకుండా పెట్టు చూద్దాం అన్నాను. నిన్న బడి నుంచి రాగానే నన్ను వెనక వాకిట్లోకి తోసి తలుపు గడియ పెట్టింది. టైలర్ని పిలుచుకుంది. లోపల గుసగుసలు, గిన్నెల చప్పుడు, ఒకసారి ఏదో పడింది, టైలరు "అబ్బా, నా కాలు" అన్నాడు, ఇది "ష్" అంది. చాలాసేపటికి తలుపు తీశారు. బల్ల మీద పళ్ళెం, పళ్ళెంలో బంగాళదుంప ముద్ద. పసుపుపచ్చగా ఉంది. "పచ్చసొన వేశాను, అందుకే ఈ రంగు" అంది. నేను అడగకుండానే అంది.

పళ్ళెం దగ్గరికి రాకముందే నాకు తెలిసింది అక్కా. గడప దగ్గరే వాసన కొట్టింది. ముద్ద నోట్లో పెట్టుకోగానే అదే జారుడు, అదే తీపి కాని తీపి. మింగాను. రెండోది పెట్టుకున్నాను. ఇది పీట మీద నిలబడి, రెండు చేతులూ గట్టు మీద ఆనించి, నా నోటి వైపే చూస్తోంది. ఊపిరి కూడా తీసుకోవడం లేదు.

"బాగుందా తాతా?"

"బాగుంది."

"ఇందులో ఏముందో చెప్పుకో."

నువ్వు రాసిన షరతు కళ్ళ ముందుంది. తెలిస్తే తెలిసిందని చెప్పు. నోరు తెరిచాను. దాని మొహం చూశాను.

"బంగాళదుంప. పచ్చసొన" అన్నాను.

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటుంది?"

పీట మీద నుంచి ఒక్క దూకు దూకింది. "గుమ్మడికాయ! గుమ్మడికాయ! నువ్వు గుమ్మడికాయ తిన్నావు!" అని గది చుట్టూ తిరిగింది. టైలరు చప్పట్లు కొట్టాడు. ఇన్నాళ్ళకి మళ్ళీ నవ్వింది. నవ్వి నవ్వి నా పక్కన బెంచీ ఎక్కి కూర్చుని, నా పళ్ళెం సగం తన వైపు లాక్కుని, నా చెంచాతోనే తినేసింది. విరిచి చూడలేదు. వెలుతురుకి ఎత్తి చూడలేదు. ఇవాళ పొద్దున నేను వేసిన బిళ్ళలు మూడు తింది, తొక్కతో వేసినవి, ఆకుపచ్చ చుక్కలు కనపడుతూనే ఉన్నాయి. మళ్ళీ చొక్కా పట్టుకుని "సాయంత్రం ఏం చేద్దాం తాతా?" అంది. చేస్తావు అనలేదు, చేద్దాం అంది.

ఇక్కడితో ఆపితే ఎంత బాగుండేది.

పళ్ళు తోముకుంటూ నురగనోటితో అడిగింది, "తాతా, నీకు నిజంగా తెలీలేదు కదా?"

"తెలీలేదు" అన్నాను.

"అయితే ఇద్దరం సమానం" అంది.

సమానం కాదు అక్కా. దాన్ని నేను మోసం చేసినప్పుడు అది నిజంగా మోసపోయింది. నేను మోసపోలేదు. మోసపోయినట్టు నటించి దాన్ని మళ్ళీ మోసం చేశాను. నేల మీద కూర్చుని మాటిచ్చి పది రోజులు కాలేదు. మొదటిసారి నా గొప్ప కోసం చేశాను. ఈసారి దాని నవ్వు కోసమే చేశానని నాకు నేను చెప్పుకుంటున్నాను. అందులో కూడా నా గొప్ప ఎంత కలిసిందో పిండి చూసుకునే ధైర్యం లేదు. అది నా చేతి తిండి తినాలని నాకంత ఆశగా ఉండింది.

ఆదివారం వాళ్ళమ్మ వస్తోంది. అల్లుడూ వస్తున్నాడు. చీమ వాళ్ళ టీచర్ని కూడా పిలిచానంది. ఇది మళ్ళీ గుమ్మడికాయ ముద్ద చేసి, అందరి ముందు నాకు పెట్టి, "తాతకి తెలీకుండానే తినిపించాను" అని చెప్తుందట. అందరూ నన్ను చూసి నవ్వాలట. నవ్వనీ. అది నాకు రావలసిందే, ఆ నవ్వుకి నేను తల వంచుతాను. కానీ అది చెప్పబోయేది నిజం కాదు. నిజం కాదని ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు.

ముందే చెప్తే, మళ్ళీ గుడ్డు విరిచి చూసుకునే రోజులొస్తాయేమో. వాళ్ళమ్మ అది చూసి శిక్షణ మానేస్తుంది. చెప్పకపోతే, ఎప్పుడో ఒకనాడు పెద్దదయ్యాక దానికే తెలుస్తుంది, గడప దాకా కొట్టే ఆ వాసన తాతకి తెలియకుండా ఎలా ఉంటుందని. అప్పటికి నేను ఉండను, సంజాయిషీ చెప్పడానికి.

నాకు ఓదార్పు రాయకు. అటూ ఇటూ కాకుండా తిప్పి రాయకు. ముందే చెప్పాలా, వద్దా? ఒక్క మాట రాయి. శనివారం పొద్దుటి టపాకి నీ జవాబు నా చేతిలో ఉండాలి. శనివారం దాటితే, ఆదివారం దాని ఎదురుగా కూర్చుని నోరు తెరిచినప్పుడు ముద్ద లోపలికి పోతుందో, మాట బయటికి వస్తుందో నాకే తెలీదు.

తమ్ముడు